ఎదురుగాలి తెచ్చిన విందు

అమెరికా దక్షిణపు కొసన, సముద్రం నడుమ ఏడు ఇసుక దీవులు, ఒక పాడుబడ్డ కోట. ఏటా ఏప్రిల్‌లో సముద్రం దాటొచ్చే చిట్టి పిట్టలకు అది మజిలీ. వాటిని చూడ్డానికి పడవెక్కే మనుషులకు అది ఒక్కరోజు తిరనాళ్ళ.

ఏప్రిల్ నెలలో చీకటి పడ్డాక ఫ్లోరిడా కొసనున్న కీవెస్ట్ వాతావరణ రాడార్ బొమ్మలు చూస్తే ఒక చిత్రం కనబడుతుంది. ఆకాశంలో మబ్బుండదు, వాన జాడ ఉండదు. అయినా క్యూబా ఉత్తర తీరం వెంబడి ఒక మరక లేస్తుంది. చూస్తుండగానే చిక్కబడుతుంది. మెల్లగా సముద్రం మీదికి జరిగి ఉత్తరానికి పాకుతుంది. అవి పిట్టలు. పగలంతా పురుగులు ఏరుకు తిని, ఒంట్లో కొవ్వు నింపుకుని, పొద్దు గూకగానే రెక్క విప్పిన పిట్టలు.

చలికాలమంతా కరీబియన్ దీవుల్లోనూ దక్షిణ అమెరికాలోనూ గడిపిన ఈ పిట్టలు, గూళ్ళు కట్టి పిల్లల్ని పెంచుకోవడానికి అమెరికా, కెనడా అడవులకు తిరిగి వెళ్తుంటాయి. మన జొన్నచేల మీద గుంపులు గుంపులుగా వాలే గులాబీ గోరింకలు కూడా దాదాపు ఆ రోజుల్లోనే మధ్య ఆసియాకు తిరుగుముఖం పడతాయి. కాకపోతే వాటి దారిలో ఊళ్ళున్నాయి, చెట్లున్నాయి, చెరువులున్నాయి. అలసిపోతే ఎక్కడో ఒకచోట దిగొచ్చు. వీటి దారిలో ఉన్నదంతా ఉప్పునీళ్ళే. బ్లాక్‌పోల్ వార్బ్లర్ అనే పిట్ట బరువు 12 గ్రాములు. రెండు పది రూపాయల బిళ్ళలు అంతకంటే బరువుంటాయి. అది దక్షిణ అమెరికాలో బయల్దేరి అలాస్కా దాకా పోయేవాటిలో ఒకటి. శరత్కాలంలో వెనక్కి వచ్చేటప్పుడు మరీ మొండిగా, అట్లాంటిక్ మీదుగా రెండు మూడు రోజులు ఎక్కడా ఆగకుండా ఎగురుతుందని దాని వీపున కట్టిన చిన్న పరికరాలతో 2015లో తేల్చారు.

ఆ ఉప్పునీళ్ళ మధ్య కాలు పెట్టడానికి ఉన్న జానెడు చోటే డ్రై టార్టుగాస్ దీవులు. కీవెస్ట్‌కు పడమరగా 113 కిలోమీటర్ల దూరం. అక్షాంశం చూస్తే మన ఉదయపూర్‌తో సమానం, కర్కాటక రేఖకు కాస్త పైన. నేషనల్ పార్కు విస్తీర్ణం 259 చదరపు కిలోమీటర్లైతే అందులో నేల వందో వంతు కూడా లేదు. వంతెన లేదు, ఊరు లేదు, కొట్టు లేదు, ఫోనుకు సిగ్నల్ లేదు. రోజుకొక పడవ వెళ్తుంది, సాయంత్రానికి తిరిగొస్తుంది. నీటి మీద దిగే చిన్న విమానాలు కొన్ని ఉన్నాయి. ఇంత చిన్న చోట ఇప్పటిదాకా దాదాపు 300 జాతుల పక్షుల్ని లెక్కరాశారు. అందులో ఇక్కడ ఏటా గూడు కట్టేవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ బాటసారులే.

ఉత్తరపు గాలి రావాలని మొక్కు

టాంపాలో ఉండే మా బావగారు కరోనా రోజుల్లో పని మధ్యలో కిటికీలోంచి పిట్టల్ని చూడ్డం మొదలుపెట్టి, ఇప్పుడు నిండా మునిగిపోయారు. ఆయన చేరిన పక్షి వీక్షకుల బృందం ఏటా వసంతంలో ఒకసారి టార్టుగాస్ వెళ్ళొస్తుంది. రిటైరైన టీచర్లు, ఒక నర్సు, కాలేజీ పిల్లలు, మెడలో ఫిరంగుల్లాంటి కెమెరాలు వేసుకున్న ఇద్దరు పెద్దమనుషులు, వాళ్ళందరికీ దారి చూపే ఒక గైడు. వాళ్ళతో పాటు మేమూ. మేమంటే నేను, అక్కయ్య, తెనాలి దగ్గర పల్లె నుంచి ఆరు నెలల వీసా మీద కొడుకు దగ్గరికొచ్చిన బావగారి అమ్మగారు, నాకు అత్తయ్యగారు.

ముందురోజు కార్లో దీవుల దారంతా దిగొచ్చాం. ప్రధాన భూభాగం నుంచి కీవెస్ట్ దాకా నలభైకి పైగా వంతెనలు దీవిని దీవితో కలుపుతూ పోతాయి. 1912లో హెన్రీ ఫ్లాగ్లర్ ఇక్కడికి రైలు తెచ్చాడు. 1935 తుఫాను ఆ రైలు మార్గాన్ని ఊడ్చేసింది. ఆ పాత వంతెనల ముక్కలు ఇప్పటికీ రోడ్డు పక్కన నీళ్ళలో నిలబడి ఉన్నాయి, వాటి మీద పెలికాన్లు కూర్చుని ఉన్నాయి. ఆ దారి గురించి రాయాలంటే వేరే కథనం కావాలి.

రాత్రి హోటల్లో అందరూ పిట్టల గురించి కాదు, గాలి గురించి మాట్లాడుకున్నారు. "వాన పడేలా ఉంది, పడవ ఆగిపోదూ?" అంది అక్కయ్య. "ఆగదులే. ఉత్తరపు గాలి రావాలని మొక్కుకో" అన్నారు బావగారు ఫోన్లోంచి తల ఎత్తకుండా.

ఆ మొక్కు వెనక లెక్క ఇది. దక్షిణపు గాలి వెనకనుంచి తోస్తే పిట్టలకు ప్రయాణం సులువు. మధ్యలో ఉన్న దీవుల్ని పట్టించుకోవు. రాత్రికి రాత్రే మీదనుంచి దాటిపోయి ఫ్లోరిడా లోపలి అడవుల్లో దిగుతాయి. అలాంటి రోజున టార్టుగాస్ వెళ్తే కోట గోడలూ సముద్రమూ చూసి రావాలి. ఉత్తరం నుంచి ఎదురుగాలి కొడితే, దానికి వాన తోడైతే కథ మారిపోతుంది. నడిసముద్రంలో ఒంట్లో కొవ్వు కరిగిపోతుంది. కొవ్వు అయిపోయాక కండ కరుగుతుంది. అప్పుడు కనిపించిన మొదటి నేల మీద వందల పిట్టలు రాలిపడినట్టు దిగుతాయి. పక్షి వీక్షకులు దాన్ని 'ఫాలవుట్' అంటారు. దాని కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తారు. నడిసముద్రం దాకా వచ్చి మునిగిపోయినవాటి లెక్క మాత్రం ఎవరూ రాయలేరు.

"మనకు మంచి రోజంటే వాటికి చెడ్డ రోజు. అది మర్చిపోకుండా చూడండి" అన్నాడు మా గైడు పొద్దున పడవెక్కే ముందు. ఆ రోజంతా నాకు అదే మాట చెవిలో ఉండిపోయింది. తెల్లవారుజామున ఉరుములతో జల్లు పడింది. గాలి ఉత్తరానికి తిరిగింది. బృందంలో ఎవరి మొహం చూసినా పెళ్ళివారి కళ. నాకు మాత్రం కాస్త ఇబ్బందిగానే ఉంది.

పడవ మీద

ఎనిమిదింటికి పడవ కదిలింది. రెండు గంటల పైచిలుకు ప్రయాణం. ఎదురుగాలికి అలలు లేచాయి. వాంతి రాకుండా అమెరికన్లు మాత్రలు వేసుకున్నారు. అత్తయ్యగారు చేతిలో నిమ్మకాయ పట్టుకుని గోటితో గిల్లుతూ వాసన చూస్తూ కూర్చున్నారు. ఆవిడకేం కాలేదు. మాత్రలు వేసుకున్నవాళ్ళలో కొందరు రెయిలింగ్ పట్టుకుని వంగే ఉన్నారు.

డెక్ మీద నిలబడగలిగినవాళ్ళకు సముద్రం ఖాళీగా లేదు. దారి చూపే ఇనప స్తంభాల మీద బ్రౌన్ బూబీలు కూర్చున్నాయి. తేలుతున్న చెక్కముక్క మీద ఒక బ్రైడిల్డ్ టర్న్. పైన ఎంతో ఎత్తున ఫ్రిగేట్ పక్షులు, రెక్క ఆడించకుండా గాల్లో వేలాడుతున్నాయి. రెక్కలు చాపితే ఏడడుగులు దాటే ఆ పక్షికి ఎముకల బరువు కంటే ఈకల బరువే ఎక్కువ. సముద్రం మీదే బతుకుతుంది గాని నీళ్ళలో దిగలేదు, దిగితే ఈకలు తడిసి లేవలేదు. వేరే పక్షి పట్టిన చేపను గాల్లోనే బెదిరించి లాక్కుంటుంది. అలాస్కా, హవాయి పక్కన పెడితే అమెరికా మొత్తంలో ఇవి ఏటా గూళ్ళు కట్టే చోటు టార్టుగాస్‌లోని లాంగ్ కీ ఒక్కటే. పడవ దగ్గరపడేటప్పుడు స్కోప్‌లో చూస్తే పొదల మీద మగపక్షులు గొంతు కింది ఎర్రటి తిత్తిని బెలూన్‌లా ఊది కూర్చున్నాయి.

పక్కన ఇసుక తిన్నె ఒకటి, దాని మీద తెల్లటి చుక్కలు. హాస్పిటల్ కీ. పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడ పచ్చజ్వరం రోగులను ఉంచేవాళ్ళు. ఇప్పుడు మాస్క్‌డ్ బూబీలు ఉంటున్నాయి. 1980లలో మొదటిసారి గూడు పెట్టిన చిన్న గుంపు అది. చెట్టు లేదు, నీడ లేదు. పెద్ద తుఫానొస్తే తిన్నె మునిగిపోతుంది. అయినా వదల్లేదు.

కోటకు దొరకని నీళ్ళు

దూరం నుంచి చూస్తే సముద్రంలోంచి ఇటుక గోడ మొలిచినట్టుంటుంది. దగ్గరికి వెళ్తే అది ఆరు పలకల కోట. ఫోర్ట్ జెఫర్సన్. గార్డెన్ కీ అనే దీవిని దాదాపు మొత్తం ఆక్రమించింది. 1846లో పని మొదలుపెట్టారు. కోటీ అరవై లక్షల ఇటుకలు పట్టాయి. దాదాపు ముప్ఫై ఏళ్ళు కట్టినా పూర్తి కాలేదు. గోడ కింది భాగం ఇటుకలు పసుపు కలిసిన రంగులో, పై భాగం ఎర్రగా ఉంటాయి. అంతర్యుద్ధం వచ్చి దక్షిణాది బట్టీలు శత్రువుల చేతిలోకి పోవడంతో ఎక్కడో ఉత్తరాన ఉన్న మెయిన్ రాష్ట్రం నుంచి ఇటుకలు తెప్పించారు. గోడ ఎంత ఎత్తు లేచేసరికి ఆ యుద్ధం వచ్చిందో చూసి చెప్పొచ్చు.

కోట చరిత్రలో అందరూ చెప్పే కథ డాక్టర్ శామ్యూల్ మడ్‌ది. లింకన్‌ను చంపిన బూత్ విరిగిన కాలికి కట్టు కట్టిన నేరానికి యావజ్జీవ శిక్ష పడి 1865లో ఇక్కడికి వచ్చాడు. 1867లో పచ్చజ్వరం పాకి కోట డాక్టరే చనిపోతే, ఈ ఖైదీ డాక్టరు రోగులకు వైద్యం చేశాడు. 1869లో క్షమాభిక్ష దొరికింది.

పిట్టల సంగతికి కావలసిన కథ మాత్రం నీళ్ళది. 1513లో స్పెయిన్ నావికుడు పోన్స్ దె లియోన్ వచ్చినప్పుడు ఇక్కడ తాబేళ్ళను కుప్పలుగా పట్టాడు గనక దీవులకు ఆ పేరు. మంచినీళ్ళు దొరకవని నావికులను హెచ్చరించడానికి తర్వాత పటాల్లో ముందు 'డ్రై' తగిలించారు. చుక్క నీరు లేని చోట వందల మంది సైనికులకు కోట కట్టాలంటే ఏం చేయాలి? ఇంజనీర్లు తెలివైన ఏర్పాటే చేశారు. కప్పు మీద పడ్డ వానను ఇసుక గుండా వడగట్టి కిందికి దించి, పునాదుల్లో కట్టిన 109 తొట్టెల్లో నిల్వ చేయాలన్నది ఆలోచన. కానీ అంత ఇటుక బరువుకు ఇసుక నేల కుంగింది. తొట్టెలు పగిలాయి. సముద్రం లోపలికొచ్చింది. అంత పెద్ద కప్పు మీద వాన పడుతున్నా తాగడానికి నీళ్ళు లేని కోటగా మిగిలింది. 1874లో సైన్యం ఖాళీ చేసి వెళ్ళిపోయింది.

ఇప్పుడు కోట లోపలి మైదానంలో, చెట్ల నీడన ఒక చిన్న నీటి తొట్టి ఉంది. నడుము ఎత్తు కూడా ఉండదు. సముద్రం దాటొచ్చిన పిట్టలకు చుట్టుపక్కల వంద కిలోమీటర్లలో దొరికే మంచినీళ్ళు దాదాపు అవే. అందుకని ఇక్కడికి వచ్చే ప్రతి పక్షి వీక్షకుడూ మొదట అడిగేది ఆ తొట్టి ఎక్కడని.

తొట్టి దగ్గర

మా బృందం తొట్టికి పది గజాల అవతల గడ్డి మీద అర్ధచంద్రాకారంగా కూర్చుంది. నిలబడొద్దు, చుట్టుముట్టొద్దు, ఒకవైపు ఎప్పుడూ ఖాళీగా వదలాలి. ఇది గైడు పెట్టిన షరతు.

ఫాలవుట్ అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. మామూలుగా అడవిలో వార్బ్లర్లను చూడాలంటే మెడ విరిగేలా చెట్టు కొసలకేసి చూడాలి. ఆకుల మధ్య తోక కనబడితే అదే గొప్ప. ఇక్కడ అవన్నీ కాళ్ళ దగ్గర ఉన్నాయి. అమెరికన్ రెడ్‌స్టార్ట్ ఒకటి ఇటుక సందుల్లో సాలీళ్ళను వెతుక్కుంటోంది. నల్లటి ఒళ్ళు, నారింజ రంగు మచ్చలు, ప్రతి రెండు అడుగులకూ తోకను విసనకర్రలా విప్పుతోంది. కేప్ మే వార్బ్లర్ సీగ్రేప్ ఆకు మీద అలాగే కూర్చుండిపోయింది. బుగ్గ మీద ఇటుక రంగు మచ్చ, పొట్ట మీద పసుపులో నల్ల గీతలు. బైనాక్యులర్స్ అక్కర్లేదు, మామూలు కంటికే అన్నీ కనబడుతున్నాయి. ఛాతీ ఎముక కూడా కత్తి అంచులా పొడుచుకొచ్చి కనబడుతోంది. ఒంట్లో ఏమీ మిగల్లేదన్నమాట.

తర్వాత ఇండిగో బంటింగ్‌లు దిగాయి, ఒక పదీ పదిహేను. ఎండలోకి వస్తే కళ్ళు చెదిరే నీలం, నీడలోకి వెళ్తే నల్లగా మసిబారినట్టు. ఈ పిట్టకు పక్షిశాస్త్రంలో పెద్ద పేరుంది. 1960లలో స్టీఫెన్ ఎమ్లెన్ అనే శాస్త్రవేత్త వీటిని ప్లానెటేరియంలో పెట్టి, నకిలీ ఆకాశాన్ని ఇష్టమొచ్చినట్టు తిప్పి చూశాడు. పిట్ట పిల్లదశలో ఉన్నప్పుడే రాత్రి ఆకాశంలో ఏ బిందువు చుట్టూ చుక్కలు తిరుగుతున్నాయో గమనించి, అదే ఉత్తరమని నేర్చుకుంటుందని తేలింది. ధ్రువనక్షత్రం పుట్టుకతో తెలిసేది కాదు, చూసి నేర్చుకునేది. వేరే నక్షత్రం చుట్టూ ఆకాశాన్ని తిప్పితే దాన్నే ఉత్తరంగా నమ్మింది. వేలెడంత పిట్ట మొదటి వేసవిలో నేర్చుకున్న ఆ పాఠంతోనే బతుకంతా సముద్రాలు దాటుతుంది. ఇప్పుడు మా ముందు తల నీళ్ళలో ముంచి ముంచి ఎత్తుతోంది.

మొహం పసుపు, తల చుట్టూ నల్ల ముసుగు వేసుకున్న హుడెడ్ వార్బ్లర్ వచ్చేసరికి కెమెరాల వాళ్ళిద్దరూ మోకాళ్ళ మీద ముందుకు జరిగారు. పిట్ట నీళ్ళు తాగకుండానే ఎగిరిపోయింది. గైడు ఏమీ అనలేదు, వాళ్ళ వైపు చూశాడంతే. వాళ్ళు వెనక్కి జరిగారు. ఈ లోకంలో 'లైఫర్' అని ఒక మాట ఉంది. జీవితంలో మొదటిసారి చూసిన జాతి అని. దాని మీద మోజు ఎంత ముదిరితే మనిషి పిట్టను చూడడం అంత మానేస్తాడని నాకనిపించింది. పేరు పట్టుకోగానే జాబితాలో గీత గీసి పక్క పిట్ట వైపు తిరిగిపోతున్నారు. రెడ్‌స్టార్ట్ సాలీడును పట్టిందో లేదో చూడాలన్న ఆసక్తి ఎవరికీ లేదు. అయితే ఆ జాబితాలు వృథా కావు. 2002లో కార్నెల్ విశ్వవిద్యాలయం పక్షి విభాగమూ ఆడుబన్ సంఘమూ కలిసి పెట్టిన ఈబర్డ్‌లోకి ఇలాంటివాళ్ళు ఎక్కించే లెక్కల వల్లే ఏ పిట్ట ఎక్కడ తగ్గుతోందో తెలుస్తోంది. హైదరాబాద్ డెక్కన్ బర్డర్స్ సభ్యులు చెరువుల దగ్గర రాసుకునే లెక్కలూ అందులోకే వెళ్తాయి.

అత్తయ్యగారికి వార్బ్లర్ల మీద పెద్ద ఆసక్తి లేదు. అన్నీ పసుపుగానే ఉన్నాయన్నారు. ఆవిడ చూపు గడ్డిలో నడుస్తున్న ఒక తెల్ల కొంగ మీద పడింది.

"ఇదేమిటమ్మాయ్, గేదె లేకుండా కొంగ?"

"మన ఊళ్ళో తిరిగే కొంగే అత్తయ్యగారూ. ఇక్కడా ఉంది."

"అంత దూరం నుంచి దీన్ని చూడ్డానికొచ్చామా!" అని నవ్వారు. అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది. కొంగ మెడ సాచి, ఒక్క క్షణం కదలకుండా నిలబడి, గడ్డిలోంచి యెల్లోథ్రోట్ పిట్టను ముక్కుతో పట్టింది. పిట్ట రెక్క ఒకసారి విచ్చుకుంది. కొంగ దాన్ని ఇటూ అటూ సర్దుకుని తల ముందుగా మింగేసింది. మెడలోంచి ఉండలా కిందికి జారడం స్పష్టంగా కనిపించింది. కాలేజీ అమ్మాయి ఒకతె మొహం పక్కకు తిప్పుకుంది.

"మా గేదెల వెనకాల మిడతలు ఏరుకుతినేదే కదా ఇది. దీనికి ఇదేం బుద్ధి!" అన్నారు అత్తయ్యగారు.

బావగారు ఆ మాటను ఇంగ్లీషులో చెబితే గైడు వివరించాడు. ఈ పశువుల కొంగ ఆఫ్రికా నుంచి అట్లాంటిక్ దాటి పందొమ్మిదో శతాబ్దం చివర్లో దక్షిణ అమెరికా చేరింది. 1940లలో ఫ్లోరిడాలో కనబడింది, 1950లలో గూళ్ళు పెట్టింది. మన దగ్గరిది దాని దగ్గరి చుట్టం. శాస్త్రవేత్తలు ఈమధ్యే రెండింటినీ వేరు జాతులుగా విడదీశారు. ఇదీ వలసలో ఉండగా గాలికి కొట్టుకొచ్చి ఈ దీవిలో దిగుతుంది. ఇక్కడ పశువుల్లేవు, మిడతలు లేవు. ఆకలికి తాళలేక అలసిపోయిన పిట్టల్ని పడుతుంది. చాలా కొంగలకు అవీ చాలవు. కోట గోడల నీడన ఆకలితో చచ్చిపడి ఉంటాయి.

"అయితే దాని తప్పు లేదు పాపం" అన్నారు ఆవిడ. ఆ తర్వాత మధ్యాహ్నమంతా వార్బ్లర్లను వదిలేసి ఆ కొంగనే చూస్తూ కూర్చున్నారు. ఆ రోజు అందరికంటే శ్రద్ధగా ఒక పక్షిని చూసింది ఆవిడేనని నా అభిప్రాయం.

ఎనిమిది టన్నుల గుడ్లు

భోజనాల తర్వాత కోట బయటికొచ్చాం. పడవవాళ్ళు శాండ్‌విచ్‌లు పెట్టారు, మేం తెచ్చుకున్న పులిహోర బృందంలో సగం మందికి సరిపోయింది. గోడ చుట్టూ తిరిగి పాత బొగ్గు రేవు దగ్గరికి వెళ్తే ఎదురుగా బుష్ కీ. మధ్యలో సన్నటి నీటి పాయ. ఆ దీవిలోకి ఈ నెలల్లో మనుషులకు ప్రవేశం లేదు. అక్కర్లేదు కూడా. వినబడుతోంది కదా. సూటీ టర్న్ అనే నలుపు తెలుపు సముద్ర పక్షులు 80 వేల నుంచి లక్ష దాకా ఉంటాయి. ఇసుక మీద జంటకొక గుడ్డు పెట్టుకుని, రాత్రీ పగలూ అరుస్తూనే ఉంటాయి. పొదల మీద నాడీ అనే గోధుమ రంగు పక్షులు. రేవు స్తంభాల మీద కూడా అవే, మా మొహాల్లోకి చూస్తూ.

1832 మేలో చిత్రకారుడు ఆడుబన్ ఇక్కడికి వచ్చినప్పుడు క్యూబా నుంచి వచ్చిన గుడ్ల వ్యాపారులు కనబడ్డారట. వాళ్ళ పడవలో అప్పటికే దాదాపు ఎనిమిది టన్నుల గుడ్లు ఉన్నాయని రాశాడు. హవానా బజారుకు సరుకు అది. అలా ఏటా ఎత్తుకుపోగా శతాబ్దం తిరిగేసరికి గుంపు బాగా చిక్కిపోయింది. 1908లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ దీవుల్ని పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించాడు. దానికి మూడేళ్ళ ముందే ఇదే ఫ్లోరిడా దక్షిణ తీరంలో, ఆడవాళ్ళ టోపీలకు కొంగ ఈకలు అమ్ముకునేవాళ్ళు గై బ్రాడ్లీ అనే కాపలాదారుణ్ని కాల్చి చంపారు. ఇప్పుడు మనం తీరిగ్గా స్కోప్ పెట్టుకుని చూసే గుంపు వెనక ఆ చావు కూడా ఉంది.

ఈ పక్షి ఒక వింత. పిల్ల రెక్కలొచ్చి ఎగిరిందంటే మళ్ళీ నేల మీద కాలు పెట్టడానికి కొన్నేళ్ళు పడుతుంది. నీళ్ళ మీదా తేలలేదు, ఈకలు తడుస్తాయి. అంటే అన్నేళ్ళూ గాల్లోనే. విలియం రాబర్ట్‌సన్ అనే శాస్త్రవేత్త ఇక్కడి పక్షిపిల్లల కాళ్ళకు కట్టిన కడియాలు అట్లాంటిక్ అవతల పశ్చిమాఫ్రికా తీరంలో దొరికాయి. ఆ సంగతి 1969లో ప్రకటించాడు. అంతకుముందు, 1907లో, తర్వాత బిహేవియరిజానికి ఆద్యుడిగా పేరుపొందిన మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ వాట్సన్ ఈ పక్షుల్ని కొన్నిటిని ఓడలో ఎక్కించి, ఉత్తర కరోలినాలోని కేప్ హాటెరాస్ దాకా పంపించి వదిలాడు. కొద్ది రోజుల్లోనే వాటిలో కొన్ని తమ గూటి ముందు దిగాయి. ఆయన పరిశోధన చేసిన బర్డ్ కీ దీవి ఇప్పుడు లేదు. 1935 నాటికి తుఫాన్లకు కరిగిపోయింది. పక్షులు పక్క దీవికి మారాయి. మారడానికి పక్కన మరో దీవి ఉంది కాబట్టి సరిపోయింది.

తిరిగి కోటలోకి వచ్చేసరికి గాలి నెమ్మదించింది. మైదానంలో ఒక్కసారిగా అలికిడి ఆగింది. గోడ అంచున బైరి డేగ. దానికీ ఇది విందు రోజే. పొద్దున కదల్లేక కూర్చున్న కేప్ మే వార్బ్లర్ ఇప్పుడు బటన్‌వుడ్ చెట్టులో చురుగ్గా గెంతుతోంది. రెండు మూడు గంటలు తిండీ నీళ్ళూ దొరికితే ఇంత తేడా. వలస పక్షికి మజిలీ విలువ ఎంతో చెప్పడానికి వేరే లెక్కలు అక్కర్లేదు.

అయినా లెక్కలూ ఉన్నాయి. 1970 నుంచి ఉత్తర అమెరికాలో 290 కోట్ల పక్షులు తగ్గిపోయాయని 2019లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. ప్రతి నాలుగింటిలో ఒకటి పోయినట్టే. అందులో వలస పిట్టలది పెద్ద వాటా. అమెరికాలో అద్దాల భవనాలకు కొట్టుకుని ఏటా 36 కోట్ల నుంచి 98 కోట్ల దాకా పక్షులు చస్తాయని 2014 అంచనా. సముద్రాన్ని దాటొచ్చి ఊళ్ళో కిటికీకి గుద్దుకుని చావడమన్నమాట. 2023 అక్టోబరులో షికాగోలో ఒక్క సమావేశ భవనం చుట్టూ ఒక్క రాత్రిలో దాదాపు వెయ్యి పిట్టలు రాలిపోయాయి. మరుసటి ఏడాది ఆ అద్దాలకు చుక్కల ఫిల్మ్ అంటించారు. చేయలేని పనేం కాదు. మన నగరాల్లో అద్దాల మేడలు లేస్తున్న చోట, ఐటీ కారిడార్ల పక్కనే వలస బాతులు దిగే చెరువులున్న చోట ఈ సంగతి ఎవరైనా తలుచుకుంటున్నారా అంటే, నాకు కనబడలేదు.

మూడింటికి పడవ హారన్ కొట్టింది. దీవి మీద ఉన్నది నాలుగు గంటలకు కాస్త ఎక్కువ. బృందం మొత్తం జాబితా గైడు చదివి వినిపించాడు. బావగారికి రెండు కొత్త జాతులు దొరికాయి. ఆయన సంతోషానికి హద్దు లేదు.

ఫ్లోరిడాలో ఉన్న తెలుగువాళ్ళకు, అటు వెళ్ళే ఆలోచన ఉన్నవాళ్ళకు ఒక మాట. డిస్నీ వరల్డ్ ఎప్పుడైనా చూడొచ్చు. ఇది ఏప్రిల్ మధ్య నుంచి మే మొదటి వారం దాకానే. మనిషికి రెండొందల డాలర్లు దాటుతుంది, చవక కాదు. నీళ్ళూ టోపీ మీవే తీసుకెళ్ళండి, అక్కడ కొనడానికేం దొరకదు. తొట్టి దగ్గర దూరంగా కూర్చోండి. ఫోన్లో పిట్ట కూతలు పెట్టి పిలవకండి, దానికి మీ దగ్గరికి ఎగిరొచ్చే ఓపిక ఉండదు. ఫొటో కోసం ఒక్క అడుగు ముందుకేసినా అది తాగాల్సిన గుక్కెడు నీళ్ళు మీరు తీసుకున్నట్టే. పడవ రోజుకొకటే, పక్షి వీక్షకులు ముందే టికెట్లు కొనేస్తారు. ఏప్రిల్ మూడో వారం కావాలంటే సంక్రాంతి నాటికే తీసుకోండి.